యూనిఫాం వేసుకున్నవాళ్లు, వాళ్ల షిఫ్టు చేసినవాళ్లు

ఐర్లండ్‌లో మందుల కంపెనీల్లోనో, వైద్య పరికరాల కంపెనీల్లోనో హెచ్.ఆర్. విభాగంలో కొత్తగా చేరిన మన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ కోర్సు చేస్తే మంచిది ఆంటీ, ఏం చదవమంటారు అని అడుగుతారు. కోర్సుల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఈ ఉద్యోగంలో నిజంగా చేయాల్సిన పని ఏమిటో మాత్రం ఏ కోర్సులోనూ చెప్పరు. గాల్వే శివార్లలోని ఒకే కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే చోటు అది. అక్కడ నేను చేసిందేమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే, సెలవు అడిగిన మనిషికీ ఇవ్వాల్సిన మనిషికీ మధ్య కూర్చోవడం అంటాను.

అన్ని సెలవుల గురించీ రాయను. నాకు ఎక్కువ నేర్పింది ఒక్క రకం సెలవు. సైన్యపు రిజర్వు దళంలో స్వచ్ఛందంగా పనిచేసే ఉద్యోగులు అడిగేది.

రిజర్వు అంటే నాకు తెలిసింది

ఈ దేశపు సైన్యం చిన్నది. దాని వెనక ఒక రిజర్వు దళం ఉంటుంది. అందులో ఉండేవాళ్లు ప్లంబర్లు, టీచర్లు, మా కంపెనీలో మెషీన్ నడిపేవాళ్లు. వారానికి ఒక సాయంత్రం, కొన్ని శని ఆదివారాలు, వేసవిలో రెండు వారాల క్యాంపు. నేను పనిచేసిన కాలంలో, దీనికోసం ఉద్యోగికి సెలవు ఇచ్చి తీరాలని యజమానిని బలవంతపెట్టే చట్టం ఏదీ లేదు. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. చాలామంది తమ సొంత సెలవులు ఖర్చుపెట్టుకుని క్యాంపుకు వెళ్లేవాళ్లు.

మాది నెల్లూరు. ఇలాంటివాళ్లలో నాకు తెలిసిన ఎన్.సి.సి. కేడెట్లు కాలేజీలో ఖాకీ బట్టలు వేసుకుని ఆదివారం పొద్దున్నే కవాతు చేసి, చివర్లో పూరీ కూర తిని ఇంటికొచ్చే పిల్లలు. వయసొచ్చి, సంసారం ఉండి, ఇంటి అప్పు కట్టుకుంటున్న మనిషి తనకు తానుగా బురదలో పాకడానికి ఎందుకు వెళతాడో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా సెలవు సంగతి చూడాల్సింది నేనే.

డెక్లన్

మొదట వచ్చినవాడు డెక్లన్. గొట్టాలు తీసే లైన్లో ఆపరేటర్, రిజర్వులో సార్జెంట్. తక్కువ మాటల మనిషి. ఏమడిగినా 'గ్రాండ్' అనేవాడు. బాగుందన్నా అదే మాట, బాగా లేదన్నా అదే మాట, గొంతులో తేడా పట్టుకోవాల్సింది మనమే. ఏళ్ల తరబడి తన వార్షిక సెలవుల్లో సగం క్యాంపుకే వాడుకున్నాడు. ఆ సంగతి కూడా నాకు వాళ్లావిడ ఒక క్రిస్మస్ పార్టీలో చెబితేనే తెలిసింది.

ఒక వసంతంలో అతను మూడు వారాల శిక్షణకు జీతం లేని సెలవు అడిగాడు. అది పూర్తిచేస్తే కొత్తగా చేరినవాళ్లకు నేర్పే అర్హత వస్తుందట. మా ఉత్పత్తి విభాగం అధిపతి మార్టిన్ వెంటనే ఒప్పుకున్నాడు. మార్టిన్ చెడ్డవాడు కాదు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. కానీ ఏదైనా మంచి పని చేస్తే అది పదిమందికీ కనిపించాలనుకునే రకం. డెక్లన్‌ను యూనిఫాంలో నిలబెట్టి ఫొటో తీయించి, 'మన రిజర్వు సైనికులకు మన అండ' అని కింద అచ్చువేయించి క్యాంటీన్ గోడకు పెట్టించాడు.

ఆ మూడు వారాలూ అతని మెషీన్ ఎవరు చూస్తారని అడిగాను. తాత్కాలికంగా ఒక మనిషిని తీసుకుందామన్నాను. మూడు వారాలే కదా, వాళ్లే సర్దుకుంటారన్నాడు మార్టిన్.

సర్దుకున్నది మోరా. పక్క మెషీన్ ఆమెది. తన పని చేస్తూ డెక్లన్ పని కూడా చూసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కిల్‌కెన్నీలో ఉండే వాళ్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో చేరింది. మోరాకు వెళ్లడం కుదరలేదు. రెండు మెషీన్లు ఆపడం కుదరదని సూపర్‌వైజర్ అన్నాడట. రోజూ విరామంలో బయట కార్లు నిలిపే చోట నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడటం లైన్లో అందరూ చూశారు.

డెక్లన్ తిరిగొచ్చేసరికి లైన్లో వాతావరణం మారిపోయింది. ఎవరూ గొడవపడలేదు. అతనితో మాట్లాడటం మానేశారంతే. క్యాంటీన్లో అతను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మోరా మాత్రం ఎప్పటిలాగే పలకరించేది. అది అతన్ని ఇంకా బాధపెట్టిందనుకుంటాను.

కొన్ని నెలల తర్వాత అతను రిజర్వుకు రాజీనామా ఇచ్చి యూనిఫాం అప్పగించేశాడు. విషయం తెలిసి నా గదికి పిలిచాను. ఎందుకని అడిగాను.

“నాకు సెలవిచ్చింది మీరు కాదు, మార్టిన్ కూడా కాదు,” అన్నాడు. “మోరా ఇచ్చింది. ఆవిడ ఇవ్వడానికి ఒప్పుకుందో లేదో ఎవరూ అడగలేదు. ఇంకోసారి అలా తీసుకోలేను.”

కొత్తవాళ్లకు ఎలా నిలబడాలో నేర్పగలిగిన ఒక సార్జెంటును ఈ దేశపు రిజర్వు పోగొట్టుకుంది. కారణం యుద్ధం కాదు, బడ్జెట్ కాదు. మూడు వారాలు ఒక మెషీన్ దగ్గర నిలబడటానికి మేం మనిషిని పెట్టకపోవడం.

మోరా అడిగింది

నేను మోరా దగ్గరికి వెళ్లాను. జరిగినదానికి క్షమాపణ చెప్పడానికి కాదు, ఏం చేసి ఉంటే బాగుండేదో తెలుసుకోవడానికి. ఆమె కోపంగా లేదు. అతను వెళ్లడం తనకేమీ అభ్యంతరం కాదంది. వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు రిజర్వులో ఉండేవాడట. తనను ముందు కూర్చోబెట్టి, ఇదిగో ఈ వారాలు నువ్వు చూడాలి, బదులుగా నీకేం కావాలి అని అడిగి ఉంటే, అమ్మ విషయం వచ్చినప్పుడు వేరే దారి ఆలోచించి ఉండేవాళ్లమని చెప్పింది.

ఆ మాట పట్టుకుని ఒక పద్ధతి పెట్టాను. ఎవరైనా రిజర్వుకో, ఇంకే స్వచ్ఛంద సేవకో సెలవు అడిగితే, ఆ చోట ఎవరుంటారో ముందు తేలాలి. ఆ మనిషి ఒప్పుకోవాలి. ఆ పనిలో ముందే శిక్షణ పొందాలి. బదులుగా ఒక ఏడాది తన సెలవు తేదీలు అందరికంటే ముందు ఎంచుకునే హక్కు ఆ మనిషిదే. ఆ తేదీలు ఎవరూ మార్చకూడదు. మార్టిన్ దీన్ని చాదస్తమన్నాడు. ఒక ఏడాది చూద్దామని చివరికి సంతకం పెట్టాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సైనికులకు అండ అంటూ కంపెనీలు ఇచ్చే బహుమతులు, గోడమీది ఫొటోలు, వేదికల మీది ఉపన్యాసాలు నేను చాలా చూశాను. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, పెద్ద ఉపయోగమూ లేదు. అండ అంటే ఇంకొకరి షిఫ్టు. అది ఎప్పుడూ ఒక మనిషి ఒళ్లు వంచితేనే వస్తుంది, ఆ మనిషి ఫొటో ఎవరూ తీయరు.

బుధవారం సాయంత్రాలు

రిజర్వు మానేసిన డెక్లన్ ఊరికే కూర్చోలేదు. మా పేటలో పిల్లల కేడెట్ల బృందం ఒకటుంది. పదేళ్లు దాటినవాళ్లకు ప్రథమ చికిత్స, కట్లు కట్టడం, వాకీటాకీలో మాట్లాడటం, వరసలో నడవడం నేర్పుతారు. చర్చి వెనక పాత హాలులో బుధవారం సాయంత్రం జరిగేది. దానికి ఎవరి సెలవూ అక్కర్లేదు కాబట్టి అతను అక్కడ నేర్పడం మొదలుపెట్టాడు.

ఆ హాలుకు మన తెలుగు పిల్లలు చాలామందే వచ్చేవాళ్లు. తల్లిదండ్రులు మొదట్లో కార్లో దింపేసి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత చలికి లోపలికొచ్చారు, వచ్చినవాళ్లు టీ కాచారు, కాచినవాళ్లు కప్పులు కడిగారు. ఒకాయన కురుస్తున్న హాలు పైకప్పు బాగుచేయించాడు. దెబ్బతగిలిన మనిషిలా నటించడానికి పెద్దవాళ్లు కావాలని డెక్లన్ అడిగితే, మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు నేలమీద పడుకుని పిల్లల చేత కట్లు కట్టించుకున్నారు.

అలా టీ కాయడానికి వచ్చినవాళ్లలో అనూష ఒకతె. మా కంపెనీలోనే క్వాలిటీ ఇంజనీర్. ఊరు కరీంనగర్. తయారైన సరుకు బయటికి పోవచ్చని సంతకం పెట్టే కొద్దిమందిలో ఆమె ఒకరు. ఆఫీసులో నలుగురి ముందు నన్ను ఇంగ్లీషులో 'పద్మా' అనేది, తెలుగులోకి రాగానే 'ఆంటీ' అయిపోయేదాన్ని. కూతురు మేఘన అప్పటికే కేడెట్. తల్లి తెలుగులో అడిగితే గాల్వే యాసలో ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల.

ఒక బుధవారం కప్పులు కడుగుతూ, రిజర్వులో చేరదామనుకుంటున్నానని అనూష నాతో చెప్పింది. భర్త శ్రీకాంత్‌కు ఇష్టం లేదట. అతనికి భయం తుపాకీ గురించి కాదు, నలుగురూ ఏమంటారోనని. నలుగురూ నిజంగానే అన్నారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఎవరో, ఇది మన దేశమా, మనకెందుకీ తిప్పలు అన్నారు. తర్వాత అనూష నాతో అంది.

“పౌరసత్వం ఇచ్చిన్నాడు అందరితోటి కలిసి నిలవడి ప్రమాణం జేసిన ఆంటీ. నోటితోటి అన్న. గంతతోనే అయిపోయిందా అని నాకు అనిపిస్తది.”

ఆ మాటలు శ్రీకాంత్‌కు కూడా చెప్పమన్నాను. చెప్పిందట. రెండు రోజుల తర్వాత అతను, బుధవారం వంట తను చేస్తానన్నాడు. ఒప్పుకోవడం కూడా ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది.

కంపెనీలో మాత్రం నేను మొదట అడిగింది, నీ చోట ఎవరు సంతకం పెడతారని. మోరా పేరు చెప్పింది. మోరా అప్పటికి సాయంత్రాలు చదువుకుని క్వాలిటీ విభాగానికి మారింది. అనూష ఆమెకు నెలల తరబడి పని నేర్పింది. అర్హత పరీక్ష కూడా అయింది. బదులుగా మోరా కోరుకున్నది, మరుసటి ఏడాది సెప్టెంబరులో రెండు వారాలు. ముసలి తల్లిని తీసుకుని కెర్రీ సముద్రతీరానికి వెళ్లాలి. రాసుకున్నాం. మార్టిన్ సంతకం పెట్టాడు.

తుఫాను

అనూష శిక్షణ పూర్తయ్యాక వచ్చిన చలికాలంలో పెద్ద తుఫాను వచ్చింది. పొద్దున లేచేసరికి చెట్లు రోడ్ల మీద ఉన్నాయి, కరెంటు లేదు. పల్లెల్లో కరెంటు లేకపోతే మోటార్లు తిరగవు, మోటార్లు తిరగకపోతే తాగడానికి నీళ్లుండవు. మా కంపెనీ జనరేటర్ మీద నడుస్తోంది. దగ్గర్లో ఉండేవాళ్లం కొద్దిమందిమే చేరుకోగలిగాం.

అనూష యూనిఫాం సంచి భుజానికి వేసుకుని నా గదికి వచ్చింది. ఇళ్లకు నీళ్లు చేరవేయడానికి, ఒంటరిగా ఉన్న ముసలివాళ్లను చూసిరావడానికి రిజర్వు వాళ్లను రమ్మన్నారు. ఆమె వెనకే మార్టిన్ వచ్చాడు. ఆ రోజే ఆస్పత్రికి పోవాల్సిన సరుకు ఉంది. ఆ సరుకుకు సంతకం పెట్టాల్సింది అనూష, లేకపోతే మోరా. మోరా ఇంటి దారిలో చెట్టు పడింది. పక్కింటాయన రంపంతో కోస్తున్నాడని, మధ్యాహ్నానికి ఎలాగోలా వస్తానని ఒక మెసేజ్ వచ్చింది, అంతే. తర్వాత ఫోన్లు కలవలేదు.

మార్టిన్ చెప్పిందీ తప్పు కాదు. గుండె ఆపరేషన్లకు వాడే వస్తువులవి. వెళ్లడానికి వీల్లేదన్నాడు. అనూష అతనితో వాదించలేదు. నా వైపు తిరిగి తెలుగులో అంది.

“పొమ్మంటె పోత, ఉండుమంటె ఉంట. గిట్ల నడుమల నిలవెట్టకుండ్రి ఆంటీ.”

నేను ఆస్పత్రి స్టోర్స్‌కు ఫోన్ చేశాను. ల్యాండ్‌లైన్ పనిచేస్తోంది. ఈ సరుకు ఈరోజే అందకపోతే ఏమవుతుందని అడిగాను. అవతలి మనిషి, తుఫాను వల్ల ముందే అనుకున్న ఆపరేషన్లన్నీ వాయిదా వేశామని, అత్యవసరాలకు సరిపడా నిల్వ ఉందని, మరుసటి రోజు సాయంత్రానికి వస్తే చాలని చెప్పింది. అప్పటిదాకా ఆమెను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అత్యవసరం అన్న మాట వినగానే మేమంతా దాన్ని నమ్మి కొట్టుకుంటున్నాం. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. ఎవరైనా అత్యవసరం అంటే, ఎప్పటికి కావాలో అవతలివాళ్లనే అడగండి.

మార్టిన్‌కు చెప్పాను. మోరా రాకపోతే ఎలా అన్నాడు. అప్పుడు సరుకు రేపు పోతుంది, ఆస్పత్రి వాళ్లు సరేనన్నారు అన్నాను. ఆ తర్వాత అనూషతో తనే అన్నాడు, వెళ్లు, తెగిన వైర్ల దగ్గర జాగ్రత్త అని.

మోరా మధ్యాహ్నం దాటాక వచ్చింది, పక్కింటాయన ట్రాక్టర్ మీద, జుట్టునిండా రంపపు పొట్టుతో. చేతులు కడుక్కుని, టీ కూడా తాగకుండా పని మొదలుపెట్టింది. చీకటి పడకముందే ట్రక్కు బయల్దేరింది.

అనూష ఆ వారమంతా పల్లెల్లోనే తిరిగింది. మూడో రోజు జరిగింది తర్వాత నాకు చెప్పింది. ఒక సందు చివర ఇంట్లో ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ ఇచ్చే మెషీన్ కరెంటు పోగానే ఆగిపోయింది. అదనంగా ఉన్న సిలిండర్ కూడా అడుగంటుతోంది. ఎవరికీ ఇబ్బంది కలిగించడం ఇష్టంలేక ఆయన ఎవరికీ కబురు పెట్టలేదు. అంబులెన్సు ఆ సందులోకి రాలేకపోయింది. నలుగురు స్ట్రెచర్ పట్టుకుని పడిన చెట్లు దాటుకుంటూ పెద్ద రోడ్డుదాకా మోశారు. అనూష పక్కనే సిలిండర్ పట్టుకుని నడిచింది. దారిలో ఆయన, నువ్వు ఏ ఊరి పిల్లవని అడిగాడు. కరీంనగర్ అంది. ఆయన, అది మన ట్యూమ్ పట్టణం దాటాకనా అన్నాడట.

ఆయన బతికాడు. వసంతానికి ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత ఒక బుధవారం నేను డెక్లన్‌ను అడిగాను, ఇప్పుడు పద్ధతి మారింది కదా, మళ్లీ రిజర్వుకు వెళ్లకూడదా అని. వయసు దాటిపోయిందన్నాడు. గ్రాండ్ అని కూడా అన్నాడు. ఆ గొంతు బాగున్నప్పటిది కాదు.

సెప్టెంబరు

తుఫాను కథ చెబితే అందరూ శ్రద్ధగా వింటారు. నా లెక్కలో అసలు పరీక్ష అది కాదు. తుఫానులో ఎవరైనా సాయం చేస్తారు. పరీక్ష సెప్టెంబరులో వచ్చింది, ఎండ కాస్తూ అంతా మామూలుగా ఉన్న రోజుల్లో.

మోరా సెలవు మొదలయ్యే వారానికే బయటి నుంచి తనిఖీ బృందం వస్తుందని తెలిసింది. మార్టిన్ నా గదికొచ్చి, మోరా సెలవు వచ్చే నెలకు మారుద్దామన్నాడు. వచ్చే నెలకు కెర్రీలో వానలు పట్టుకుంటాయని, వాళ్లమ్మకు ఎనభై దాటాయని చెప్పాను.

“ఇది సైన్యం పిలుపు కాదు కదా పద్మా,” అన్నాడు. “మామూలు సెలవే.”

“ఆ పిలుపుకు మనం అనూషను పంపగలిగింది ఈ మామూలు సెలవు మీదే. ఇది మార్చేస్తే, వచ్చే తుఫానుకు ఎవరూ ట్రాక్టర్ ఎక్కి రారు,” అన్నాను.

అతను విసురుగానే వెళ్లిపోయాడు. నా ఉద్యోగం చివరి ఏడాది అది, మాట పడటానికి నాకు పెద్ద భయం లేదు. కానీ మొత్తం బరువు మోసింది అనూష. ఆ నెల రిజర్వు శిక్షణ శని ఆదివారాలు మానుకుని, మోరా చూసుకునే రికార్డులన్నీ ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంది. రిజర్వు అధికారి ఏమన్నాడని అడిగితే, ఈసారి మీ అండ ఫ్యాక్టరీకి కావాలన్నమాట అని నవ్వాడంది. మోరా వెళ్లింది. తనిఖీ బృందం రెండు చిన్న లోపాలు రాసి వెళ్లిపోయింది.

మార్టిన్ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. నేను బాగా చేశాననీ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు.

నేను రిటైరవడానికి కొన్ని వారాల ముందు అతను ఒక పొద్దున వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. ప్యాకింగ్‌లో పనిచేసే హెలెన్‌తో నిన్న మాట్లాడానన్నాడు. జూన్‌లో రెండు వారాలు పక్క లైను కూడా చూడటానికి ఒప్పుకుందట. బదులుగా వేసవంతా శుక్రవారం మధ్యాహ్నాలు కావాలట, పిల్లాడిని ఈతకు తీసుకెళ్లడానికి. ఇస్తానన్నాడట. పని నేర్చుకోవడం సోమవారం నుంచి మొదలవుతుంది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పి, ఇక ఆ రిజర్వు సెలవు మీద సంతకం పెట్టనా అన్నాడు.

సరే గానీ, ఇంతకీ క్యాంపుకు వెళుతున్నది ఎవరని నేనే అడగాల్సి వచ్చింది.